పాత రాలీ సైకిలు, వెనక మూడు గేర్ల హబ్బు (చక్రం మధ్య దిమ్మ): 15 వేలు అడుగుతున్నారు, ఎంతదాకా వెళ్లొచ్చు?

చీపురుపల్లి చక్రం:

అందరికీ నమస్కారమండీ. గరివిడి అవతల ఒక ఊళ్లో పశువుల సాల అటక మీంచి దించిన జెంట్స్ సైకిలొకటి బేరానికొచ్చింది. ఫ్రేమ్ 24 అంగుళాలు, చక్రాలు 28, బ్రేకులు రాడ్ బ్రేకులు (తీగ బదులు ఇనప కడ్డీలతో పట్టేవి). ముందు బిళ్ల మీద కొంగ తలకాయ, రాలీ అన్న పేరు ఉన్నాయి. బిళ్ల కింది అంచు మీద రంగు పడిపోయి మిగతా అక్షరాలు కనపడలేదు. ఒళ్లంతా నీలం ఎనామిల్ బ్రష్షుతో పూసేశారు, బిళ్లని కూడా వదల్లేదు.

వెనక హబ్బు మీద స్టర్మీ ఆర్చర్ (గేరు హబ్బులు చేసే కంపెనీ), ఏడబ్ల్యూ (వాళ్ల మూడు గేర్ల రకం), దాని పక్కన 58 అని చెక్కి ఉంది. హ్యాండిల్ మీద గేరు మీట లేదు, తీగ లేదు. తొక్కితే చక్రం తిరుగుతోంది గానీ చాలా బరువుగా ఉంది, హబ్బు పట్టేసిందేమోనని నా అనుమానం. ఎడమ క్రాంకు (పెడల్ తగిలించే కడ్డీ) కొంచెం ఊగుతోంది. ముందు రిమ్ము ఈమధ్య మార్చినట్టుంది, వెనకది తుప్పు. తోలు సీటు మధ్యలో పల్లం పడింది, ముక్కు దగ్గర చిన్న చీలిక. చైన్ కవరు లేదు, డైనమో లేదు. మడ్‌గార్డులు రెండూ ఉన్నాయి.

అమ్మేవారు ‘ఇంగ్లండు సరుకు, తాతల నాటిది’ అని 15 వేలు చెప్తున్నారు. నాకు అద్దాల బీరువాలో పెట్టుకునే సరదా లేదు. బాగుచేసి ఆదివారాలు విజయనగరం నుంచి రామతీర్థం దాకా తొక్కుకోవాలి. ఎంత ఇస్తే న్యాయం? డబ్బులిచ్చే ముందు ఏమేం చూడాలి?

పాతపుల్లలు:

మాస్టారూ, ‘తాతల నాటిది’ అన్న మాటని ముందు బేరంలోంచి తీసి పక్కన పెట్టండి. పాతదనానికి ధర ఉండదు, దాని మీద మిగిలిన అసలు సామానుకి ధర. జూట్ మిల్లు షిఫ్టులకీ, స్టేషన్లకీ, పాలకీ తిరిగిన నల్ల సైకిళ్లు మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోనూ ఇంకా బోలెడు పడున్నాయి. వాటిలో తొంభై పాళ్లు తుక్కు ధరకే పోతాయి.

లెక్క ఇలా వేసుకోండి. అడుగున తుక్కు ధర: ఈ రకం సైకిలు దగ్గరదగ్గర 20 కిలోలు తూగుతుంది, కిలో 30 అనుకుంటే 600. పైన, ఇదే సైకిలు బాగుపడి రోడ్డు మీద నడుస్తుంటే తెలిసినవాడు ఎంతిస్తాడో ఆ మొత్తం. మూడు గేర్లూ పడుతూ, రంగు మారిపోయి, చైన్ కవరు లేని రాలీకి నేనైతే 10 వేలు అనుకుంటాను. అందులోంచి బాగుచేత ఖర్చు తీసేస్తే మీరిచ్చే ధరకి హద్దు వస్తుంది.

ఖర్చు, నా అంచనా (మీ షాపులో రేటు వందో రెండొందలో అటూ ఇటూ): టైర్లు, ట్యూబులు జతకి 1,000. వెనక రిమ్ము 500, నలభై పుల్లలు (స్పోకులు) నిపుల్స్‌తో 250, పుల్లలు అల్లి బెండు తీసిన కూలి 300. చైను 250. బీబీ (క్రాంకుల మధ్య ఫ్రేము అడుగు గొట్టం) ఇరుసు, గోళీలు, క్రాంకుని ఇరుసుకి బిగించే కాటర్ పిన్నులు, హెడ్డు గోళీలు కలిపి 400. బ్రేకు రాడ్ల ముక్కలు, రబ్బర్లు 300. దేశవాళీ తోలు సీటు 800. ఓవరాయిలింగ్ కూలి 700. ఇక్కడికి 4,500. గేరు మీట, తీగ, ఇరుసులోకి వెళ్లే చిన్న గొలుసు కలిపి ఇంకో 1,500 పెట్టుకోండి. అంటే 6 వేలు. పదిలోంచి ఆరు పోతే నాలుగు. రంగు ఖర్చు కావాలనే వేయలేదు.

15 వేలు ఎప్పుడు న్యాయమంటే, అసలు నల్లరంగు మీద బంగారు గీతలు కనపడుతూ, చైన్ కవరు, మీట, ముందు హబ్బు, సీటు అన్నీ పుట్టుకతో వచ్చినవే ఉన్నప్పుడు. మీదానికి వాటిలో సగం లేవు. పోయిన వస్తువు ఒక్కొక్కటీ వెతికి కొనడం మొదలెడితే సైకిలు ఖరీదు దాటిపోతుంది. ముఖ్యంగా ఆ చైన్ కవరు. రేకుతో కొట్టించుకోవచ్చు గానీ అచ్చు రాలీ కవరు విడిగా దొరకడం కష్టం.

ఇంగ్లండా, మనదా అన్నది బిళ్ల కింది అంచు చెప్తుంది. నాటింగ్‌హామ్, ఇంగ్లండ్ అని ఉంటే అక్కడిది. రాలీతో కలిసి పెట్టిన మన దేశపు కంపెనీ సెన్ రాలీ వాళ్లు 1950లలో బెంగాల్లోని అసన్సోల్‌లో ఇవే సైకిళ్లు కట్టారు, మన వైపు కనపడే రాలీలు ఎక్కువగా ఆ బాపతే. అది తక్కువ సరుకేం కాదు, ట్యూబు గట్టిదే, కాకపోతే ఇంగ్లండు ధర దానికి రాదు. బిళ్ల ఒక్కదాన్నీ నమ్మకండి, రెండు రివెట్లు తీసి వేరే ఫ్రేముకి కొట్టడం అయిదు నిమిషాల పని. ముందు ఫోర్కు భుజాలు చూడండి. రాలీకి గొట్టం భుజాలుంటాయి, వాటి చివర్లకి గుండ్రటి టోపీలు. క్రాంకు దగ్గరి పెద్ద పళ్లచక్రంలో కొంగ తలలు కోసి ఉంటాయి. బిళ్ల, భుజాలు, పళ్లచక్రం మూడూ ఒకే మాట చెప్తే అది రాలీయే.

58 అన్నది హబ్బు పుట్టిన సంవత్సరం, 1958. ఫ్రేముది కాదు. చక్రం ఎప్పుడైనా మార్చి ఉండొచ్చు.

మూడులాంతర్లు:

పుల్లలు గారి లెక్కతో పేచీ లేదు. కానీ హబ్బు పట్టేసింది అనుకుని బేరమాడకండి, అది పట్టేసి ఉండకపోవచ్చు.

ఏడబ్ల్యూ హబ్బుకి తీగ లేకపోతే లోపలి స్ప్రింగు దాన్ని పై గేరులోకి తోసేస్తుంది, అంటే మూడోది, అన్నిటికన్నా బరువైనది. ముందు 48 పళ్లు, వెనక 18 అయితే మధ్య గేరులో పెడల్ ఒక చుట్టుకి చక్రం 2.67 చుట్లు తిరుగుతుంది. మూడో గేరులో అదే మూడింట ఒక వంతు పెరిగి 3.56 అవుతుంది. ఆ గేరులో ఇరవై కిలోల సైకిలు ఎవరు తొక్కినా బరువే. ఒకటో గేరులో సరిగ్గా 2.

పరీక్ష ఇలా చేయండి. వెనక చక్రం కుడివైపు నట్టుకి పక్కన చిన్న కిటికీ ఉంటుంది, ఇరుసు లోపలినుంచి సన్నటి గొలుసు బయటికి రావాలి. గొలుసు లేకపోతే లోపల అది తగిలి ఉండే పిన్ను కూడా లేనట్టే, అప్పుడు అక్కడికక్కడే పరీక్షించలేరు, ధరలో ఆ మేరకి కోత పెట్టాలి. గొలుసుంటే చక్రం పైకెత్తి, పెడల్ నెమ్మదిగా తిప్పుతూ గొలుసుని ప్లయర్‌తో మెల్లగా లాగండి. సగం లాగినప్పుడు మధ్య గేరు, పూర్తిగా లాగినప్పుడు కింది గేరు. చక్రం వేగంలో తేడా కంటికి తెలుస్తుంది. మధ్యలోనూ పైదానిలోనూ టిక్ టిక్ వినపడుతుంది, కిందిదానిలో తొక్కుతుంటే చప్పుడు ఆగిపోతుంది. అలా అయితే హబ్బు బతికున్నట్టే. వదిలితే గొలుసు తనంతట తాను వెనక్కి పోవాలి. పోకపోతే లోపల పాత గ్రీజు గట్టిపడింది. హబ్బు పైన చిన్న నూనె మూత ఉంటుంది, పల్చటి ఇంజిన్ ఆయిల్ ఒక చెంచాడు పోసి ఒక రాత్రి ఉంచితే చాలాసార్లు వదులుతుంది. గ్రీజు మాత్రం కుక్కకండి, లోపలి చిన్న పళ్లకి స్ప్రింగు బలం చాలదు, జారిపోతాయి.

మీట కొన్నాక సర్దుబాటు: మీట మధ్య గేరులో పెట్టి కిటికీలోంచి చూస్తే పిన్ను భుజం ఇరుసు చివరతో సమానంగా ఉండాలి. తీగ వదులైతే రెండుకీ మూడుకీ మధ్య ఖాళీ చోటొకటుంది, అక్కడ పడితే పెడల్ ఒక్కసారిగా గాల్లో తిరుగుతుంది. నిలబడి తొక్కుతున్నప్పుడు అలా జరిగితే ముక్కు హ్యాండిల్‌కి తగులుతుంది.

ఇంకొకటి, మన షాపుల్లో దొరికే మామూలు ఫ్రీవీలు దీనికి ఎక్కదు. ఏడబ్ల్యూకి ఫ్రీవీలు పని లోపలే జరుగుతుంది, బయట పళ్లచక్రం ఒక్కటే. ఇరుసు నట్లు కూడా వేరు, 13/32 అంగుళం, అంగుళానికి 26 థ్రెడ్. రెండు నట్లూ ఉన్నాయో లేదో చూడండి. ఎవరైనా దేశవాళీ నట్టు బలవంతంగా ఎక్కించి ఉంటే ఇరుసు థ్రెడ్ పోయినట్టే.

ఫ్రేముకి దారం పరీక్ష తప్పదు. వెనక ఎడమ డ్రాపవుట్ (చక్రం ఇరుసు కూర్చునే గాడి) నుంచి దారం బిగించి, హెడ్ ట్యూబు (హ్యాండిల్ కింద ముందు గొట్టం) చుట్టూ తిప్పి, కుడి డ్రాపవుట్‌కి కట్టండి. సీటు ట్యూబు దగ్గర రెండువైపులా దారానికీ గొట్టానికీ మధ్య ఎడం కొలవండి. తేడా 2 మిల్లీమీటర్లలోపు అయితే పర్వాలేదు. అంతకన్నా ఎక్కువైతే వెనక భాగం వంగింది. హెడ్ ట్యూబుకి కింద, వాలు గొట్టం అడుగున వేలు పెట్టి రాయండి. అక్కడ ముడతలాగా తగిలితే ఎప్పుడో గోడనో బండినో గుద్దిన సైకిలు. ధర ఎంత తగ్గించినా వద్దు.

చీపురుపల్లి చక్రం:

చాలా ఉపయోగపడింది మాస్టారూ, అన్నీ చూసొచ్చాను. దారం తేడా ఒక మిల్లీమీటరే. ముడత లేదు. గొలుసు ఉంది, చివర తెగిపోయి మూడు నాలుగు కడియాలే మిగిలాయి. ప్లయర్‌తో లాగితే మూడు గేర్లూ తేడాగా తిరిగాయి, కానీ వదిలితే బద్ధకంగా వెనక్కి పోతోంది. వెనక రిమ్ము 40 పుల్లలు, ముందుది 32. పెద్ద పళ్లచక్రంలో కొంగలున్నాయి. ఫోర్కు మీద టోపీల్లో ఒకటి పోయింది. బిళ్ల కింద రంగు గోకడానికి ఆయన ఒప్పుకోలేదు. సీటు ట్యూబు మీద తుప్పుపట్టిన చిన్న ఇత్తడి బిళ్ల ఒకటి రేకు పట్టీతో బిగించి ఉంది, అదేంటో తెలీలేదు. ఆయన 9 వేలకి దిగారు.

నాగావళి గట్టు:

ఆ ఇత్తడి బిళ్ల పారేయకండి బాబూ. ఒకప్పుడు మునిసిపాలిటీలూ పంచాయతీలూ సైకిలుకి ఏటా పన్ను కట్టించుకుని అలాంటి బిళ్లలిచ్చేవి. దాని మీద ఊరు, సంవత్సరం, నంబరు ఉండొచ్చు. నిమ్మచెక్కతో రుద్దకండి, సబ్బు నీళ్లు, మెత్తటి బ్రష్షు చాలు. బేరానికి అది పనికిరాదు గానీ ఈ సైకిలు ఏ ఊళ్లో తిరిగిందో చెప్పే కాగితం అదొక్కటే.

పుల్లలు గారు నాలుగు వేలు అన్నారు. నాకు అది కొంచెం పిసినారి లెక్కలా ఉంది. హబ్బు మూడు గేర్లూ వేస్తోంది, ఫ్రేము నిటారుగా ఉంది, పళ్లచక్రం అసలుది. విడిగా ఈ మూడు సంపాదించాలంటే మాటలు కాదు. పైగా దీనికి 28 బై 1 1/2 టైరు, 40 బొక్కల వెస్ట్‌వుడ్ రిమ్ము (రాడ్ బ్రేకులకి సరిపడే రకం) మన శ్రీకాకుళం, విజయనగరం షాపుల్లో మామూలు సరుకు.  బాగుచేత ఖర్చు ఆయన వేసినంత అవుతుంది, కాదనను గానీ, 5,500 దాకా ఇచ్చినా మోసపోయినట్టు కాదు.

రంగు విషయం మాత్రం జాగ్రత్త. బ్రష్షు నీలం కింద ఫ్యాక్టరీలో కాల్చి వేసిన నలుపు ఉండొచ్చు. కాల్చిన రంగు థిన్నర్‌కి అంత తేలిగ్గా లొంగదు, బ్రష్షు ఎనామిల్ మెత్తబడి ఊడుతుంది. బీబీ అడుగున, ఎవరికీ కనపడని చోట, దూది థిన్నర్‌లో ముంచి ఒక నిమిషం ఆనించి తుడవండి. నీలం దూదికి అంటి కింద నలుపు మెరిస్తే మీ అదృష్టం. నలుపు కనపడగానే ఆపండి, బంగారు గీతలూ అచ్చుబొమ్మలూ థిన్నర్‌కి కరిగిపోతాయి. పైభాగంలో అయితే నీలాన్ని ముందు గోరుతోనో, చెక్క పుల్లతోనో మెల్లగా పొరలుగా తీయాలి. వారాల పని. ఆ ఓపిక లేకపోతే నీలం అలాగే ఉంచి తొక్కండి. పౌడర్ కోటింగ్ కొట్టిస్తే మాత్రం అమ్మకం ధర పెరగదు, తగ్గుతుంది. ఇసుకతో కొట్టించేటప్పుడు లగ్గుల (గొట్టాలు కలిసే చోటి తొడుగుల) అంచులు అరిగిపోతాయి, ఫ్రేము నంబరు కూడా పూడిపోతుంది.

తుప్పుకి ఆక్సాలిక్ యాసిడ్ పొడి లీటరు నీళ్లకి 30 గ్రాములు, ప్లాస్టిక్ తొట్టిలో. హ్యాండిల్, రాడ్లు, క్రాంకులు, మడ్‌గార్డు కడ్డీలు రాత్రంతా నానితే చాలు. తర్వాత బాగా కడిగి, తినే సోడా కలిపిన నీళ్లలో ఒకసారి ముంచి, ఎండలో ఆరగానే నూనె రాయండి. విషం అది, చేతులకి తొడుగులు, ముక్కుకి గుడ్డ, పశువులకీ పిల్లలకీ అందని చోటు. జింకు పూత ఉన్న నట్లు, అల్యూమినియం ముక్కలు అందులో వేయకండి. క్రోమియం లేచిపోయిన చోట అది తిరిగి రాదు, తుప్పు మరక మాత్రమే పోతుంది.

పాతపుల్లలు:

గట్టు గారూ, 5,500 అంటే హద్దు. మొదటి మాట కాదు. బిళ్ల గోకనివ్వనంటే ఆయన మీద అనుమానమనను, కానీ ఇంగ్లండు ధర అడిగే హక్కు మాత్రం పోయింది.

చక్రం గారూ, ఆ ఊగే క్రాంకు చూశారా, దాని లోపలే మీ ఖర్చు పెరిగేదీ తగ్గేదీ ఉంది. ఊగేది కాటర్ పిన్నా, బీబీ ఇరుసా? క్రాంకుని అటూ ఇటూ ఊపండి. రెండో క్రాంకు కూడా కలిసి ఊగితే ఇరుసు కప్పులు (గోళీలు తిరిగేవి) వదులు. ఒకటే ఊగితే పిన్ను. పిన్ను అయితే పది ఇరవై రూపాయల పని, కానీ చాలాకాలం వదులుగా తొక్కి ఉంటే క్రాంకు రంధ్రం గుండ్రం పోయి కోడిగుడ్డులా అవుతుంది, అప్పుడు క్రాంకే మార్చాలి. పిన్ను తీయించేటప్పుడు క్రాంకు కింద ఇనప గొట్టమో గట్టి చెక్కదిమ్మో ఆనించకుండా సుత్తి వేయనివ్వకండి. దెబ్బంతా గోళీల మీద పడి కప్పులో గుంటలు పడతాయి. కొత్త పిన్ను నలభై యాభై కిలోమీటర్లు తొక్కాక మళ్లీ సుత్తితో ఒక దెబ్బ కొట్టి నట్టు బిగించాలి. ఇది చేయకే సగం క్రాంకులు పాడవుతాయి.

కప్పులు మార్చాల్సి వస్తేనే కష్టం. రాలీ బీబీ థ్రెడ్ అంగుళానికి 26, మామూలు ఇంగ్లీషు సరుకు 24. షాపువాడు 24 కప్పు పెట్టి ‘బిగుతుగా ఉంది, వెళ్తుంది’ అంటాడు. రెండు చుట్లు చేత్తో వెళ్లి ఆగిందంటే అది వేరే థ్రెడ్. స్పానరుతో తిప్పితే ఫ్రేమే పోతుంది. కప్పుల్లో గుంటలు లేకపోతే పాతవే ఉంచి ఇరుసు, గోళీలు మార్చుకోండి. గోళీలు పావు అంగుళానివి, పక్కకి 11.

సీటు చీలిక రివెట్ల దగ్గరికి పాకిందా? పాకకపోతే ముక్కు కింద నట్టు పావు చుట్టు బిగించి చూడండి, పల్లం కొంత లేస్తుంది. ఒకేసారి బిగిస్తే చీలిక పెద్దదవుతుంది. కొబ్బరినూనె పోసి నానబెట్టమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి, తోలు మెత్తబడి పూర్తిగా వేలాడిపోతుంది. సీటు మిగిలితే మీకు 800 మిగిలినట్టే.

బేరం ఇలా పెట్టండి: 4 వేలతో మొదలెట్టి, ఆయన ఎదుటే హబ్బులో నూనె పోసి గొలుసు చురుగ్గా వెనక్కి పోతే 5 వేలు. బిళ్ల గోకనిచ్చి, కింద నాటింగ్‌హామ్ అని కనపడితే 7 వేల దాకా వెళ్లండి. లేకపోతే ఐదున్నర దగ్గర లేచి వచ్చేయండి. డబ్బులిచ్చేటప్పుడు ఫ్రేము నంబరు రాసి ఆయన సంతకంతో చిన్న చీటీ తీసుకోండి. నంబరు సీటు లగ్గు మీదో బీబీ అడుగునో ఉంటుంది, నీలం రంగు కిందే ఉంటుంది, దూదీ థిన్నరూ వెంట పట్టుకెళ్లండి.

చీపురుపల్లి చక్రం:

క్రాంకు ఒకటే ఊగుతోందండి, రెండోది కదల్లేదు. పిన్ను నట్టే లేదు, మేకు వంచి పెట్టారు. నూనె పోయడానికి ఆయన ఒప్పుకున్నారు. ఆదివారం వెళ్తున్నాను.

మూడులాంతర్లు:

మేకు పెట్టారంటే రంధ్రం తప్పకుండా చూడండి, పిన్ను తీయగానే లోపలికి టార్చి వేసి. అంచు ఒకవైపు మెరుస్తూ అరిగి ఉంటే ఎడమ క్రాంకు ఖర్చు ఇంకో 200 వేసుకుని బేరంలో తగ్గించండి. అసలు రాలీ క్రాంకు ఉంచేయండి, పారేయకండి. రంధ్రానికి తగ్గ పిన్నుని ఆకురాయితో సరిచేసి ఇచ్చే పాత మెకానిక్కులు విజయనగరం గంటస్తంభం చుట్టుపక్కల ఇంకా ఉన్నారు.